ఒక మాత్రలో రెండు మందులు

చేతివేళ్ళ కీళ్ళు వాచి, పొద్దున నిద్ర లేవగానే గుప్పిట మూయలేక బాధపడే మనిషి ఒకరు. పెద్దప్రేగు లోపలి పొర పుండుపడి, రోజుకు ఎన్నోసార్లు రక్తవిరేచనాలై నీరసించిపోయిన మనిషి మరొకరు. ఒకరి బాధ చేతుల్లో, ఇంకొకరి బాధ కడుపులో. అయినా ఈ ఇద్దరికీ డాక్టరు రాసి ఇచ్చే మాత్ర ఒకటే కావచ్చు. దాని పేరు సల్ఫాసలజీన్. రంగు నారింజపండు తొక్కకూ పసుపుకూ మధ్యగా ఉంటుంది.

వేలి కీలెక్కడ, పెద్దప్రేగెక్కడ? రెంటికీ ఒకే మందు ఎలా పనిచేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి శాస్త్రజ్ఞులకు 40 సంవత్సరాలకు పైగా పట్టింది. ఆ జవాబులో మీరు తరగతిలో చదువుకునే రసాయనశాస్త్రం ఉంది, జీవశాస్త్రం ఉంది, కొంచెం లెక్కలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

కంచే చేను మేస్తే

ముల్లు గుచ్చుకున్న చోట ఏం జరుగుతుందో మీకు అనుభవమే. ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పుడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ కలిపి 'శోథ' అంటారు. ముల్లుతోపాటు లోపలికి వచ్చిన సూక్ష్మజీవులను చంపడానికి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి. వాటినుంచి ద్రవం బయటికి ఊరుతుంది. అంటే శోథ అనేది జబ్బు కాదు, శరీరం చేసే కాపలా. పని అయిపోగానే అది చల్లారిపోవాలి.

కొందరిలో అది చల్లారదు. పైగా, శత్రువు లేనిచోట కూడా మొదలవుతుంది. కాపలా కాయవలసిన తెల్ల రక్తకణాలు సొంత శరీరం మీదే తిరగబడతాయి. కంచే చేను మేసినట్లన్నమాట.

ఈ తిరుగుబాటు కీళ్ళ లోపలి పొర మీద జరిగితే అది రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మన వాడుకలో కీళ్ళవాతం. ముసలితనంలో మోకాలి చిప్ప అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. ఇది ఎక్కువగా చేతివేళ్ళు, మణికట్లు, కాలివేళ్ళు వంటి చిన్న కీళ్ళకు రెండు వైపులా సమానంగా వస్తుంది. పొద్దున పూట కీళ్ళు బిగుసుకుపోతాయి. మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అశ్రద్ధ చేస్తే ఎముక కొరుక్కుపోయి వేళ్ళు వంకరపోతాయి.

అదే తిరుగుబాటు ప్రేగుల్లో జరిగితే దానికి రెండు రూపాలున్నాయి. పెద్దప్రేగు లోపలి పొరకు మాత్రమే పుండ్లు పడితే అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రాగలిగి, ప్రేగు గోడ మందమంతా పాకేది క్రోన్ వ్యాధి. 1932లో న్యూయార్కులో దీన్ని వర్ణించిన ముగ్గురు వైద్యులలో ఒకరైన బరిల్ క్రోన్ పేరు దీనికి స్థిరపడింది. ఈ ప్రేగు జబ్బులు చాలామందికి పదిహేను, ముప్ఫై అయిదేళ్ళ మధ్య మొదలవుతాయి. బడిపిల్లలకు కూడా రావచ్చు. అప్పుడు తిన్న తిండి ఒంటపట్టక ఎదుగుదల ఆగుతుంది.

జబ్బులు రెండూ వేరయినా మంట ఒకటే. ఒకే మందు రెంటికీ పనికిరావడానికి మొదటి కారణం ఇది. కానీ సల్ఫాసలజీన్ కథ ఇంతటితో అయిపోలేదు. అసలు కథ ఒక రంగుతో మొదలైంది.

రంగులోంచి వచ్చిన మందు

జర్మనీలో గెర్హార్డ్ డొమాక్ అనే వైద్యుడు బట్టలకు వేసే రంగులవంటి పదార్థాలను ఎలుకల మీద పరీక్షిస్తుండేవాడు. 1932లో ఒక ఎర్రరంగు, ప్రాణాంతకమైన బాక్టీరియా ఎక్కించిన చిట్టెలుకలను బ్రతికించింది. దాని పేరు ప్రొంటోసిల్. ఈ సంగతి 1935లో ప్రకటించాడు. 1939లో ఆయనకు నోబెల్ బహుమతి ప్రకటించారు.

ఇందులో ఒక వింత ఉంది. అదే ఎర్రరంగును పరీక్షనాళికలో బాక్టీరియా మీద పోస్తే అవి చావలేదు. ఎలుక ఒంట్లో పనిచేసే మందు గాజునాళికలో ఎందుకు పనిచేయదు? పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు 1935లోనే ఈ చిక్కు విప్పారు. ప్రొంటోసిల్ అణువులో రెండు భాగాలున్నాయి. ఆ రెంటినీ కలిపేది రెండు నత్రజని పరమాణువుల మధ్యనున్న ద్విబంధం. దీన్ని 'ఎజో బంధం' అంటారు. ఎన్నో బట్టల రంగులకు ఆ రంగు రావడానికి కారణం ఈ బంధమే. ఎలుక శరీరంలో ఈ బంధం తెగి అణువు రెండు ముక్కలవుతుంది. అందులో ఏ రంగూ లేని ముక్కే బాక్టీరియాను అణచే మందు. దాని పేరు సల్ఫనిలమైడ్. గాజునాళికలో ఆ బంధాన్ని తెంచేవారు లేరు, కనుక మందు విడుదల కాలేదు.

ఈ ఎజో బంధాన్ని గుర్తుంచుకోండి. మన కథలో అదే మళ్ళీ వస్తుంది.

స్టాక్‌హోమ్ వైద్యురాలి ఆలోచన

సల్ఫనిలమైడ్ తర్వాత దాని కుటుంబంలో ఎన్నో మందులు పుట్టాయి. వాటిలో ఒకటైన సల్ఫాపిరిడిన్ 1938లో న్యుమోనియాకు వాడుకలోకి వచ్చి ఎంతోమంది ప్రాణాలు కాపాడింది.

ఆ కాలంలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో నన్నా స్వార్ట్స్ అనే వైద్యురాలు ఉండేది. 1890లో పుట్టిన ఆమె 1937లో కరోలిన్‌స్కా సంస్థలో వైద్యశాస్త్ర ఆచార్యురాలయింది. ఆ దేశపు ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఆచార్యపదవి పొందిన మొదటి మహిళ ఆమే. కీళ్ళవాతం రోగులను చూసి చూసి ఆమె ఒక ఆలోచన చేసింది.

కీళ్ళవాతానికి బాక్టీరియా కారణమై ఉంటుందని ఆనాడు చాలామంది నమ్మేవారు. ఆమె కూడా అలాగే అనుకుంది. బాక్టీరియాను అణచడానికి సల్ఫా మందు ఉంది. నొప్పినీ వాపునూ తగ్గించడానికి సాలిసిలేట్లు ఉన్నాయి. విల్లో చెట్టు బెరడు నుంచి మొదలై ఆస్పిరిన్ దాకా వచ్చిన కుటుంబం అది. ఈ రెంటినీ విడివిడిగా ఇవ్వడం కాకుండా ఒకే అణువుగా కలిపేస్తే ఎలా ఉంటుంది? ఫార్మసియా అనే స్వీడిష్ మందుల కంపెనీ రసాయనికులు ఆమె కోరినట్లే ఆ అణువును తయారుచేశారు. సాలిసిలేటునూ సల్ఫాపిరిడిన్‌నూ ఎజో బంధంతో ముడివేశారు. అదే సల్ఫాసలజీన్.

1942లో ఆమె తన ఫలితాలను ప్రకటించింది. కొందరు కీళ్ళవాతం రోగులకు గుణం కనిపించింది. ఆశ్చర్యమేమిటంటే, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవారికి అంతకంటే స్పష్టంగా మేలు జరిగింది. ఆ జబ్బుకు అప్పట్లో నమ్మదగిన మందే లేదు.

ఆ తర్వాత మందు దారి రెండుగా చీలింది. 1940ల చివర మరికొందరు వైద్యులు కీళ్ళవాతానికి దీన్ని వాడి చూసి, పెద్దగా లాభం లేదన్నారు. కీళ్ళ వైద్యులు దాన్ని పక్కన పెట్టేశారు. ప్రేగుల వైద్యులు మాత్రం వాడుతూ వచ్చారు. 1970ల చివర బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ వైద్యులు కీళ్ళవాతం మీద దాన్ని మళ్ళీ జాగ్రత్తగా పరీక్షించారు. అది నెమ్మదిగా, వారాల మీద, కానీ నిజంగానే పనిచేస్తుందని తేల్చారు. అలా దాదాపు 30 ఏళ్ళ వనవాసం తర్వాత మందు తన మొదటి ఇంటికి తిరిగి వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కీళ్ళవాతం బాక్టీరియా సోకి వచ్చే జబ్బు కాదని ఈనాడు మనకు తెలుసు. అంటే స్వార్ట్స్ ఊహ సరి కాలేదు. అయినా ఆమె చేసిన మందు పనిచేసింది. శాస్త్రంలో ఊహ దారి చూపించే దీపం మాత్రమే. నిజం తేల్చేది పరీక్ష.

కావడి అణువు

సల్ఫాసలజీన్ అణువును ఒక కావడిగా ఊహించుకోండి. ఒక చివర వేలాడే కుండ సల్ఫాపిరిడిన్. రెండో చివర కుండ 5-అమినో సాలిసిలిక్ ఆమ్లం. పేరు పొడుగు కనుక దీన్ని ఇకమీద 'సాలిసిలేటు కుండ' అందాం. మధ్యనున్న కావడిబద్ద ఎజో బంధం.

ఇప్పుడు కొంచెం లెక్క చేద్దాం. సల్ఫాసలజీన్ అణువులో 18 కర్బన పరమాణువులు, 14 హైడ్రోజన్, 4 నత్రజని, 5 ఆక్సిజన్, 1 గంధకం ఉన్నాయి. వీటి పరమాణు భారాలు వరుసగా 12, 1, 14, 16, 32. అన్నీ హెచ్చించి కూడితే:

216 + 14 + 56 + 80 + 32 = 398

ఇది సల్ఫాసలజీన్ అణుభారం. ఇదే పద్ధతిలో కడితే సల్ఫాపిరిడిన్ అణుభారం 249, సాలిసిలేటు కుండ అణుభారం 153 వస్తాయి. ఈ రెంటినీ కూడండి. 402. మరి కావడి భారం 398 కదా! మిగతా 4 ఎక్కడినుంచి వచ్చాయి?

ఎజో బంధం తెగినప్పుడు నత్రజని చేతులు ఖాళీ అవుతాయి. ఒక్కొక్క నత్రజని పరమాణువు రెండేసి హైడ్రోజన్లను పట్టుకుంటుంది. రెండు నత్రజనులకు నాలుగు హైడ్రోజన్లు. 398 + 4 = 402. లెక్క సరిపోయింది. హైడ్రోజన్ చేరే ఇలాంటి చర్యను క్షయకరణం అంటారని మీరు చదువుకున్నారు. పాఠ్యపుస్తకంలోని ఆ మాటే రోగి కడుపులో రోజూ జరుగుతోంది.

ఒక 500 మిల్లీగ్రాముల మాత్ర పూర్తిగా విడిపోతే సుమారు 313 మిల్లీగ్రాముల సల్ఫాపిరిడిన్, సుమారు 192 మిల్లీగ్రాముల సాలిసిలేటు వస్తాయి. కూడితే 505! ఆ అదనపు 5 మిల్లీగ్రాములు ఏమిటో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

బద్దను విరిచేదెవరు?

ఎలుక శరీరంలో ఎజో బంధం తెగుతుందన్నాం. శరీరంలో అంటే ఎక్కడ? ఎవరు తెంచుతారు?

1972లో అమెరికా శాస్త్రజ్ఞులు దీనికి చక్కని ప్రయోగం చేశారు. వారు రెండు రకాల ఎలుకలను తీసుకున్నారు. ఒకటి మామూలు ఎలుకలు. రెండవవి ఏ సూక్ష్మజీవీ సోకకుండా, పుట్టినప్పటినుంచి శుద్ధిచేసిన గాలి, శుద్ధిచేసిన తిండితో ప్రత్యేకమైన పెట్టెల్లో పెంచినవి. రెంటికీ సల్ఫాసలజీన్ ఇచ్చారు. మామూలు ఎలుకల్లో మందు రెండు ముక్కలైంది. సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో అది విడిపోలేదు. ప్రేగుల్లో నివసించే బాక్టీరియాను వాటికి ఎక్కించాక వాటిలోనూ ముక్కలు కనిపించాయి.

అంటే కావడిబద్దను విరిచేది మన శరీరం కాదు, పెద్దప్రేగులో కాపురముండే కోటానుకోట్ల బాక్టీరియా! జీర్ణాశయంలోనూ చిన్నప్రేగు పైభాగంలోనూ బాక్టీరియా తక్కువ. కాబట్టి మందులో చాలా భాగం విడిపోకుండా ఆ దారంతా దాటి వెళుతుంది. పెద్దప్రేగు చేరగానే అక్కడి బాక్టీరియా బద్ద విరిచి కుండలను దింపుతాయి. పుండున్నది కూడా అక్కడే. పైన చిరునామా రాసిన ఉత్తరం ఊళ్ళన్నీ దాటుకుని సరిగ్గా ఆ ఇంటికే చేరినట్లుగా లేదూ?

1942లో ఈ ఏర్పాటును ఎవరూ అనుకుని చేయలేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాతగాని దాని అందం తెలియలేదు.

మందు ఏ కుండలో ఉంది?

కుండలు రెండు దిగాయి. ప్రేగును మాన్పేది ఏ కుండ? ఈ ప్రశ్నకు జవాబు 1977లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఈనాటి బంగ్లాదేశ్‌కు చెందిన ఆజాద్ ఖాన్ అనే వైద్యుడు, ట్రూలవ్ అనే ఆచార్యుని వద్ద పరిశోధన చేస్తూ, మరొక సహచరునితో కలిసి ఈ పరీక్ష చేశాడు.

కుండలను విడివిడిగా నోటిద్వారా ఇస్తే అవి దారిలోనే రక్తంలో కలిసిపోతాయి, పెద్దప్రేగు దాకా రావు. అందుకని ఆయన వాటిని ఎనిమా రూపంలో నేరుగా పెద్దప్రేగులోకే పంపాడు. రోగులను మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పూర్తి కావడిని, ఇంకొక జట్టుకు సల్ఫాపిరిడిన్‌ను, మూడో జట్టుకు సాలిసిలేటును ఇచ్చాడు. తర్వాత ప్రేగు పొరను పరీక్షించి చూశారు. సాలిసిలేటు జట్టుకు, పూర్తి కావడి జట్టుకు ఒకేలా గుణమిచ్చింది. సల్ఫాపిరిడిన్ జట్టు వెనకబడిపోయింది.

తేలిందేమిటి? ప్రేగుకు సంబంధించినంతవరకు మందు సాలిసిలేటు కుండలో ఉంది. సల్ఫాపిరిడిన్ దాన్ని మోసుకొచ్చే తోడు మాత్రమే. పైగా తలనొప్పి, వికారం వంటి బాధలకు ఎక్కువగా కారణం ఆ తోడే.

మరి కీళ్ళ సంగతి? అక్కడా ఇదే కుండ అనుకుంటారు ఎవరైనా. 1985లో బ్రిటన్ వైద్యులు కీళ్ళవాతం రోగులకు రెండు కుండలనూ విడివిడిగా ఇచ్చి చూశారు. ఫలితం తిరగబడింది! కీళ్ళకు మేలు చేసింది సల్ఫాపిరిడిన్. సాలిసిలేటు కుండ వల్ల పెద్దగా ప్రయోజనం కనిపించలేదు.

ఇందులో తర్కం కూడా ఉంది. సాలిసిలేటు కుండ చాలావరకు ప్రేగులోనే ఉండిపోయి అక్కడి పొరమీద పనిచేస్తుంది. సల్ఫాపిరిడిన్ ప్రేగు గోడలోంచి రక్తంలోకి ఇంకి దూరాన ఉన్న కీళ్ళదాకా వెళ్ళగలదు. ఒకే కావడిలోని రెండు కుండలు రెండు వేరువేరు ఇళ్ళకు నీళ్ళు పోస్తున్నాయన్నమాట.

కావడి లేకుండా కుండను పంపడం

ప్రేగురోగికి సాలిసిలేటు ఒక్కటి చాలునని తెలిశాక, సల్ఫాపిరిడిన్‌ను వదిలించుకోవడం ఎలా అని రసాయనికులు ఆలోచించారు. రెండు ఉపాయాలు దొరికాయి.

మొదటిది: రెండు చివరలా సాలిసిలేటు కుండలే ఉన్న కావడి తయారుచేయడం. దీని పేరు ఓల్సలజీన్. బాక్టీరియా దీన్ని విరిస్తే రెండు కుండలూ మందే.

రెండవది: కావడి లేకుండా సాలిసిలేటును ఒంటరిగా పంపడం. దీన్ని మెసలజీన్ అంటారు. దారిలో అది ఇంకిపోకుండా మాత్రకు ఒక పూత పూస్తారు. జీర్ణాశయం ఆమ్ల గుణం కలది. అక్కడ ఈ పూత కరగదు. ప్రేగుల్లో కిందికి పోయేకొద్దీ ఆమ్లగుణం తగ్గుతుంది. చిన్నప్రేగు చివరికి వచ్చేసరికి పూత కరిగి మందు బయటపడుతుంది. అందుకే ఇలాంటి మాత్రలను నమలకూడదు, నూరకూడదు, విరిచి వేసుకోకూడదు. పూత చెడితే మందు చిరునామా చెరిగిపోయినట్లే.

పూత ఎలా పనిచేస్తుందో ఇంట్లో చేసి చూడవచ్చు. రెండు పటికబెల్లం ముక్కలు తీసుకోండి. పెద్దవారి సాయంతో ఒకదానికి కరిగించిన కొవ్వొత్తి మైనం అన్నివైపులా పూసి ఆరనివ్వండి. రెంటినీ రెండు గ్లాసుల చన్నీళ్ళలో వేయండి. పూతలేని ముక్క కరిగిపోతుంది, పూత ఉన్నది అలాగే ఉంటుంది. ఇప్పుడు పూత ఉన్న ముక్కను బాగా వేడి నీళ్ళలో వేయండి. మైనం కరిగి పైకి తేలుతుంది, లోపలి పటికబెల్లం నీళ్ళలో కలుస్తుంది. ఇక్కడ తాళం తీసింది వేడి. ప్రేగులో తాళం తీసేది ఆమ్లగుణంలో వచ్చే మార్పు.

మరికొన్ని మందులు

ఈ రెండు జబ్బులకూ వాడే మందుల్లో మరో మూడింటి గురించి కొద్దిగా తెలుసుకోవాలి.

కార్టిసోన్: 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, మంచం దిగలేని ఒక కీళ్ళవాతం రోగికి ఈ హార్మోను ఇచ్చాడు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కూ, ఆ హార్మోను మీద పనిచేసిన ఇద్దరు రసాయనికులకూ నోబెల్ బహుమతి వచ్చింది. 1955లో ట్రూలవ్, విట్స్ అనే ఆక్స్‌ఫర్డ్ వైద్యులు అల్సరేటివ్ కొలైటిస్‌లోనూ దాని విలువను నిరూపించారు. ఈ కుటుంబపు మందులను స్టెరాయిడ్లు అంటారు. మంటను ఇంత త్వరగా ఆర్పే మందులు తక్కువ. కానీ ఎక్కువకాలం వాడితే ముఖం ఉబ్బుతుంది, ఎముకలు గుల్లబారతాయి, రక్తంలో చక్కెర పెరుగుతుంది. అందుకే అవసరమున్నంత మేరకే వాడతారు.

మిథోట్రెక్సేట్: దీని వెనుక మన తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లమనే విటమినును కృత్రిమంగా తయారుచేసింది. తర్వాత దాన్ని పోలి ఉండి, దాని పనికి అడ్డుతగిలే పదార్థాలను చేసింది. దొంగతాళంచెవి తాళంలో దూరుతుంది కాని తిరగదు, అసలు చెవిని దూరనివ్వదు. ఇవీ అంతే. వీటిని మొదట రక్తక్యాన్సర్ పిల్లలకు వాడారు. వాటిలో ఒకటైన మిథోట్రెక్సేట్‌ను చాలా చిన్న మోతాదులో, వారానికి ఒకసారి ఇస్తే కీళ్ళవాతం అణుగుతుందని 1980లలో జరిగిన పరీక్షలు నిరూపించాయి. 1988లో అమెరికా ప్రభుత్వం ఆ వాడకానికి అనుమతి ఇచ్చింది. క్రోన్ వ్యాధికీ పనికివస్తుందని 1995లో వెలువడిన మరో పరీక్ష చూపింది. ఇవేవీ చూడకుండానే సుబ్బారావు 1948లో కన్నుమూశాడు.

ప్రతిరక్షకాలు: తెల్ల రక్తకణాలు ఒకదానికొకటి పంపుకొనే రసాయన కబుర్లలో టి.ఎన్.ఎఫ్. అనే ప్రోటీను ఒకటి. మంటను రాజేసే కబురు అది. ఆ కబురును దారిలోనే పట్టేస్తే? లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ అనే శాస్త్రజ్ఞులు 1992లో, టి.ఎన్.ఎఫ్.ను పట్టుకునే ప్రతిరక్షకాన్ని కీళ్ళవాతం రోగులకు ఇచ్చి చూశారు. ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఈ మందు 1998లో క్రోన్ వ్యాధికి, 1999లో కీళ్ళవాతానికి అమెరికాలో అనుమతి పొందింది. ఇది ప్రోటీను కాబట్టి మింగితే, మనం తిన్న పప్పులోని ప్రోటీనులాగే అరిగిపోతుంది. అందుకే రక్తనాళంలోకి ఎక్కిస్తారు. కాపలాను అణచే మందు కనుక, ఒంట్లో నిద్రపోతున్న క్షయ మేలుకొనే ప్రమాదం ఉంది. ముందుగా క్షయ పరీక్ష చేయడం అందుకే.

ఇక్కడా ఒక వింత. అదే టి.ఎన్.ఎఫ్.ను మరో విధంగా పట్టే ఎటనెర్సెప్ట్ అనే మందు కీళ్ళవాతానికి బాగా పనిచేసింది. క్రోన్ వ్యాధికి మాత్రం పనిచేయలేదని 2001లో తేలింది. మంట ఒకటే అయినా పొయ్యిలు వేరని దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ ఇంట్లో మీరు చేయగల పని

మన ఇళ్ళల్లో చాలామంది అమ్మమ్మలు, తాతయ్యలు మందుచీటీ చదవలేరు. చదువుకుంటున్న మీరు చదవగలరు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈ మందులు వాడేవారుంటే ఈ సంగతులు వారికి చెప్పండి.

1. మిథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మందు. మిగతా మాత్రలతో కలిపి రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పిన వారాన్ని క్యాలెండరు మీద గుండ్రంగా చుట్టి పెట్టండి. పొరపాటున రోజూ వేసుకున్నట్లు తెలిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

2. సల్ఫాసలజీన్ వాడితే మూత్రం నారింజరంగుగా రావచ్చు. భయపడనక్కరలేదు, అది ఎజో బంధపు రంగే. కానీ ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, గొంతు నొప్పి, కళ్ళు పచ్చబడటం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి.

3. డాక్టరు రాసిన రక్తపరీక్షలు మానకూడదు. కణాల సంఖ్య, కాలేయం స్థితి బయటికి కనిపించేవి కావు.

4. ఈ మందులు నొప్పిబిళ్ళల్లాగా గంటలో పనిచేయవు. సల్ఫాసలజీన్‌కూ మిథోట్రెక్సేట్‌కూ వారాలు పడుతుంది. పదిరోజులు వాడి 'గుణం లేదు' అని మానేస్తే కీలు కొరుక్కుపోవడం ఆగదు. గుణం కనిపించాక మానేసినా మంట మళ్ళీ రాజుకుంటుంది.

5. పేరులేని పొట్లాల్లో కీళ్ళనొప్పుల పొడి ఇచ్చేవారుంటారు. ఒక్కరోజులో నొప్పి మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. చాలాకాలం వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా మానడం కూడా ప్రమాదమే. ఎందుకంటే ఆ హార్మోనును సహజంగా తయారుచేసే గ్రంథి ఈలోగా పని మరచిపోతుంది. ఆ పొట్లాన్ని డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్లు నెమ్మదిగా తగ్గించుకోవాలి.

6. ప్రేగుజబ్బు ఉన్నవారు సొంతంగా నొప్పిబిళ్ళలు కొని వేసుకోకూడదు. వాటిలో కొన్ని ప్రేగుమంటను ఎక్కువ చేస్తాయి.

7. తరగతిలో ఎవరైనా మాటిమాటికీ మరుగుదొడ్డికి వెళ్ళడానికి అనుమతి అడిగితే నవ్వకండి. అది అలవాటు కాకపోవచ్చు, జబ్బు కావచ్చు. ఈ జబ్బులు అంటుకునేవి కావు. పక్కన కూర్చోవడానికి భయం అక్కరలేదు.

ఆలోచించి చెప్పండి

1. సల్ఫాసలజీన్ వాడుతున్న ప్రేగురోగికి, ప్రేగుల్లోని బాక్టీరియాను చాలావరకు చంపే యాంటీబయాటిక్ ఇచ్చారనుకోండి. సల్ఫాసలజీన్ పని ఏమవుతుంది?

2. ఓల్సలజీన్ అణుభారం 302. అది విడిపోయినప్పుడు ఒక్కొక్క సాలిసిలేటు కుండ అణుభారం 153 అని లెక్కకట్టి చూపండి.

3. ఆక్స్‌ఫర్డ్ పరీక్షలో పూర్తి కావడి ఇచ్చిన జట్టు కూడా ఎందుకు ఉంది? ఆ జట్టు లేకపోతే ఏం తెలిసేది కాదు?

4. ప్రొంటోసిల్ గాజునాళికలో ఎందుకు పనిచేయలేదో, సూక్ష్మజీవులు లేని ఎలుకల్లో సల్ఫాసలజీన్ ఎందుకు విడిపోలేదో పోల్చి నాలుగు వాక్యాలు రాయండి.